పేరు లేని బటన్లు

మైపాడు సముద్రపు తెరలతో పెంచలకృష్ణకు నలభై ఆరేళ్ళ పరిచయం. పేచీ అంతా జేబులో ఉన్న తెరతోనే. సముద్రపు తెర తనే వచ్చి కాళ్ళు తాకుతుంది. ఫోను తెరను మనమే తాకి, నువ్వెవరని అడగాలి. తనలాంటి చూపులేని వాళ్ళ కోసం అది మాట్లాడుతుంది. ఒకసారి తాకితే వేలి కింద ఏముందో పేరు చెబుతుంది, రెండుసార్లు తడితే పని చేస్తుంది. ఎన్నిసార్లు తట్టినా పని చేయని మనుషుల కంటే మేలే అనుకున్నాడు.

సోమవారం మెసేజీల యాప్ కొత్త వేషం కట్టింది. ఆ రోజే కోవూరు నుంచి సుభాషిణి గొంతు మెసేజ్ వచ్చింది. చిన్నప్పుడు నెల్లూరులో అంధుల బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. పేరులోనే మంచి మాట పెట్టుకున్న మనిషి. నేను కోవూరు వచ్చి నీ దగ్గరే ఉండేదా అని ముందురోజు అతను అడిగినదానికి జవాబు అది. నిడివి ముప్పై ఎనిమిది సెకన్లని ఫోను చెప్పింది. దాని కిందున్న మూడు బటన్లను తాకితే మాత్రం మూడుసార్లూ ఒకటే పాట: "పేరు లేని బటన్." వాటిలో ఒకటి వినిపించేది, ఒకటి ఉన్న మెసేజీలన్నీ చెరిపేసేది. ఏది ఏదో?

కాదనడానికి రెండు సెకన్లు చాలు. అవుననడానికి ఒకటి. ఆ రెండూ తీసేసినా మిగిలే ముప్పై అయిదింట్లో ఏముంది? తెగిన వల బాగుచేస్తూ ముడి ముడికీ అదే లెక్క. ఊరందరి నెట్టూ అతుకుతాడు గానీ తన నెట్టులో పడ్డది తన చేతికి రాలేదు.

వదిన పెంచలమ్మకిస్తే చిటికెలో నొక్కిపెడుతుంది. కానీ వదిన ఏదీ ఊరికే వినదు. విన్నది ఊరికే చెబుతుంది. తోటపల్లి గూడూరు సెల్లుఫోన్ల కొట్టు అతను నేను పెడతా ఇవ్వన్నా అంటే, ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నాడు. ఆ గొంతు ముందుగా తన చెవినే పడాలి.

గురువారం మధ్యాహ్నం ఇక ఆగలేక ఆమెకే ఫోను చేసి సంగతి చెప్పాడు. సుభాషిణి నవ్వలేదు.

"ఎడం పక్క నించి రెండోది నొక్కు కృష్ణా. మొదటిది నొక్కబాక. నేనదే నొక్కి నీ మాటలన్నీ పోగొట్టుకున్నా."

"ఏం మాటలు?"

"రెండేళ్ళవి. రోజూ వినేదాన్నిలే."

అతను ఆ జవాబేదో ఇప్పుడే చెప్పమని బతిమాలాడు.

"మళ్ళీ చెప్పేదానికి నాకు సిగ్గు. నువ్వే విను" అని పెట్టేసింది.

పడవ నీడన కూర్చుని ఎడమ నుంచి వేలితో లెక్కపెట్టాడు. రెండోదాని దగ్గర ఆగి, రెండుసార్లు తట్టాడు.

ముందు ఫ్యాను చప్పుడు. తర్వాత ఊపిరి. ఏదో అనబోయి మింగేసిన చప్పుడు. మళ్ళీ ఊపిరి, చాలాసేపు. చివర్న, నెమ్మదిగా:

"వచ్చేటప్పుడు చొక్కాలన్నీ తెచ్చుకో."

మళ్ళీ పెట్టాడు. ఈసారి మాటల దాకా పోనీయలేదు. ఊపిరి దగ్గరే ఆపి, మొదటికి తెచ్చాడు.