స్తంభానికి అటూ ఇటూ

పాతికేళ్ళుగా బోర్డులు రాస్తున్నాను. ఇంగ్లీషు అక్షరాలు రాయడం వచ్చు, చదవడం రాదు. నాకవి బొమ్మలు. మా తోడల్లుడికి చదవడం వచ్చు. రాస్తే మాత్రం కోడి కెలికినట్టుంటుంది. అయినా మా ఆవిడ నోట ఎప్పుడూ వాడి పాటే.

ఆస్పత్రిలో నాలుగంతస్తుల బోర్డుల పనికి ఇద్దరం వెళ్ళాం, వాడిదీ ఇదే పని. "ముందు ఇదొక్కటి రాయండి. నచ్చితే మిగతాదంతా మీలో ఒకరికి అప్పజెబుతా" అని డాక్టరు కాగితం చేతిలో పెట్టి వెళ్ళాడు. గ్యాస్ట్రోఎంటరాలజీ. ఇంగ్లీషులో పదహారు అక్షరాలు, గోడ మధ్యలో స్తంభం.

తోడల్లుడు కాగితం లాక్కుని ఆరో అక్షరం తర్వాత గీత గీశాడు. "ఈ ముక్క కడుపు, తర్వాతది పేగు, చివరిది శాస్త్రం. కడుపు ఇటుంచి మిగతాది అటు రాసెయ్, అన్నయ్యా!"

"అబ్బో, మా పాఠం ఈయన చెప్పేస్తున్నాడే!" అంది అటుగా పోతున్న నర్సమ్మ.

నాకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళలో నా అక్షరాల ఒంపు చూసి అబ్బో అన్నవాళ్ళేరీ?

వాడు టీకి వెళ్ళగానే టేపు తీశాను. గోడకి కడుపేంటి, పేగేంటి? ఇటు ఎనిమిది, అటు ఎనిమిది. కొలిచి, ముత్యాల్లా దించాను.

వాడొచ్చి తలెత్తి చూశాడు. "కొంప ముంచావ్! పేగు ముక్క కడుపులోకి వచ్చేసింది."

వెనకే డాక్టరు. "మాటని ఇలా నరికిందెవరు?"

"నేనే సార్," అన్నాడు తోడల్లుడు తడుముకోకుండా. "అన్నయ్యకి నేనే తప్పు చెప్పాను."

నోరు మూసుకుంటే పని నాది. కానీ ఆ మంచితనం కూడా వీడికేనా? ఇంటికెళితే మా ఆవిడ దాన్నెన్నాళ్ళు వల్లిస్తుందో!

"వాడు సరిగ్గానే చెప్పాడు," అన్నాను నిచ్చెన మీంచే. "నేనే వినలేదు."

డాక్టరు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "అయితే పని ఆయనది. ఆయన చెప్పినట్టు మీరు రాయండి."

కిరసనాయిలు గుడ్డ తీసుకున్నాను. తోడల్లుడు కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. తుడవబోతుంటే, "కాస్తాగు," అన్నాడు. "ఆ ఒంపు నేను తలకిందులుగా తపస్సు చేసినా రాదు. ఏం చేయి అన్నయ్యా నీది... కుళ్ళొస్తోంది."

పొద్దుట్నుంచీ మొదటిసారి నా కడుపు చల్లబడింది. తొందరేముంది, వాడు కళ్ళారా చూసేలా ఒక్కో అక్షరమే తుడిచాను.