నలభై మూడు నల్ల కాగితాలు

నేను ఒక జిరాక్స్ మిషన్ని. జపానులో ఒక ఫ్యాక్టరీలో, తెల్లటి చేతి తొడుగులు వేసుకున్న ఆడవాళ్లు నన్ను బిగించారు. చివరి మరమేకు బిగించినామె నా మూత మీద గుడ్డతో ఒకసారి తుడిచి పక్క మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది. నా మొదటి వీడ్కోలు అదే. పేరైనా తెలియదు.

అక్కడి నుంచి నన్ను లండన్ తీసుకెళ్లి, ఒక మంత్రిత్వ శాఖ భవనంలో నాలుగో అంతస్తులో, కిటికీ లేని గదిలో పెట్టారు. ఆ గదికి వచ్చేవాళ్లు కాగితం పెట్టేవాళ్లు, మీట నొక్కేవాళ్లు, కాపీలు పట్టుకుపోయేవాళ్లు. కాగితం ఇరుక్కుంటే తప్ప నా వైపు చూసిన మనిషి లేడు. ఆ దేశానికి తన ప్రజాస్వామ్యం మీద మహా గర్వం. ఊరూరా దేశదేశాలకూ దాని గొప్ప చెబుతూ ఉండేది. ఆ ప్రసంగాలన్నీ నా నోటి నుంచే వచ్చాయి గనుక నాకు బాగా తెలుసు. రహస్య పత్రాలూ నా నోటి నుంచే వచ్చేవి. రెండూ ఒకే సిరాతో.

ఆ గదికి రోజూ వచ్చి కూర్చునే మనిషి ఒక్కతే. పేరు ఐరిస్ డిక్రూజ్. వాల్తేరు రైల్వే కాలనీలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. తండ్రి ఇంజను డ్రైవరు. పదిహేడో ఏట కుటుంబంతో పాటు లండన్ వచ్చేసింది. నేను చూసేనాటికి ఆమెకు యాభై దాటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. చిన్నప్పుడు తనను పెంచిన పైడమ్మ అనే ఆయా దగ్గర నేర్చుకున్న తెలుగు మాత్రం నాలుక మీద అలాగే ఉండిపోయింది. ఆ నగరంలో ఆ మాటలు వినేవాళ్లెవరూ లేక, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు నాతో మాట్లాడేది. నేను వేడెక్కడానికి కొంచెం ఆలస్యం చేస్తే, "ఒలే, ఏటే, లెగనేదా ఇంకా?" అనేది. విని విని నాకూ తెలుగు పట్టుబడింది. జవాబు చెప్పే నోరు లేకపోవడమే నా బాధ.

ఆ రోజుల్లోనే స్కెల్‌విక్ అనే చిన్న రేవు ఊరి నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. రాసేది మిసెస్ హాలం అనే ఒక తల్లి. ఆ ఊరి పక్కన సైన్యం వాళ్ల మందుగుండు గిడ్డంగి ఉంది. అక్కడ పాతిపెట్టిన పీపాలు కారి, ఊరి బావుల్లోకి ఏదో దిగుతోందని ఆమె అనుమానం. తన తొమ్మిదేళ్ల కూతురికి మూత్రపిండాలు చెడిపోతున్నాయనీ, ఆ వీధిలోనే ఇంకో ఇద్దరు పిల్లలకు ఇలాగే ఉందనీ, నీళ్లలో ఏముందో చెప్పమనీ రాసింది. నాలుగేళ్లలో పదకొండు ఉత్తరాలు. అన్నీ చేతిరాతే. ప్రతిదానికీ ఐరిస్ నా మీద రెండు కాపీలు తీసి ఫైల్లో పెట్టేది. ప్రతిదానికీ శాఖ పంపిన జవాబు ఒక్కటే: ఆధారాలేవీ లేవు. మంత్రిగారు పార్లమెంటులో నిలబడి చెప్పిందీ అదే.

ఆధారం అదే అంతస్తులో, ఇనప బీరువాలో ఉంది. శాఖ సొంత రసాయన శాస్త్రవేత్త ఏడేళ్ల కిందట రాసిన నివేదిక అది. నీళ్లు తాగడానికి పనికిరావని మొదటి పేజీలోనే రాశాడు.

ఇంతలో కొత్త చట్టం వచ్చింది. ప్రజలకు ప్రభుత్వ కాగితాలు చూసే హక్కు ఇచ్చే చట్టం. దాన్ని తెచ్చిన మంత్రివర్గంలో ఈ మంత్రిగారూ ఉన్నారు. ఆ సంబరం ముగియకముందే మా అంతస్తుకు లావుపాటి నల్ల మార్కర్లు పెట్టెలకు పెట్టెలు వచ్చాయి.

మిసెస్ హాలం ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టింది. నివేదిక ఇవ్వక తప్పలేదు. పెంబ్రీ అనే అధికారి రెండు రోజులు కూర్చుని ఒక కాపీలో పంక్తి పంక్తీ మార్కరుతో కొట్టేశాడు. వెలుతురుకు పెట్టి చూసినా కింది అక్షరాలు కనబడకూడదు గనుక, ఆ కాగితాలను మళ్లీ జిరాక్సు తీసి పంపాలి. ఆ పని ఐరిస్‌ది. నలభై మూడు పేజీలు. అంత నలుపు నా జన్మలో ఎప్పుడూ అచ్చు వేయలేదు. సగంలో సిరా డబ్బా అయిపోతే కొత్తది ఎక్కించింది. కొన్ని పేజీల్లో మిగిలింది పేజీ నంబరే.

పెంబ్రీ సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు ఐరిస్ మెల్లగా అడిగింది. "ఇందులో ఆమెకి ఏం కనబడుతుందండీ?"

"చట్టాన్ని పాటించామని కనబడుతుంది" అన్నాడు పెంబ్రీ. వెటకారంగా కాదు. నిజంగానే అలా నమ్మినట్టు అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి దిగాక ఐరిస్ అసలు నివేదికతో వచ్చింది. నన్ను వాడాలంటే ఎవరి నంబరు వాళ్లు నొక్కాలి. ఎవరైనా నొక్కగల ఉమ్మడి నంబరు కూడా ఒకటుంది, గోడకు అంటించే ఉంది. ఆమె దాని వైపు చూసింది. తన నంబరే నొక్కింది.

"దాసినోలెవరూ పేరెట్టుకోనేదు. నానెట్టుకుంతాను" అంది.

నలభై మూడు పేజీలూ నిదానంగా, ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ తీసింది. ఆ రోజు నాకు ఒక్క కాగితమైనా ఇరుక్కుంటే బాగుండేదేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఇరుక్కోలేదు. కవరు మీద మిసెస్ హాలం అడ్రసు రాసుకుని, కోటు వేసుకుని, పోస్టాఫీసుకు వెళ్లొచ్చింది.

పన్నెండు రోజులకు పత్రికలన్నీ నివేదికను అచ్చు వేశాయి. ఆ సాయంత్రమే ఇద్దరు దర్యాప్తు అధికారులు వచ్చి నాకొక తీగ తగిలించారు. నేను ఒక కాగితం బయటికి నెట్టాను. నంబరు, తేదీ, సమయం, పేజీలు నలభై మూడు. ఏడేళ్లు ఆమె మాటలన్నీ విన్నదాన్ని. వాటిలో ఒక్కటైనా ఎవరూ అడగలేదు. అడిగిన ఒక్క విషయమూ ఆమెను జైలుకు పంపేదే. అదే చెప్పాను.

పెంబ్రీ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఐరిస్ వైపు తిరిగి, ఆ ఉమ్మడి నంబరు నొక్కి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు కదా అన్నాడు.

"దొంగతనమైతే అలాగే చేసేదాన్నండీ" అంది ఐరిస్.

బల్ల సొరుగులోంచి కళ్లజోడు, ఒక జపమాల తీసుకుని వాళ్లతో వెళ్లింది. వెళ్తూ నా వైపు తిరగలేదు. తిరగనందుకే నాకు కాస్త నయమనిపించింది.

రహస్యాల చట్టం కింద ఆమెకు ఎనిమిది నెలల శిక్ష పడింది. పింఛను పోయింది. నివేదికను ఏడేళ్లు దాచినవాళ్ల మీద మాత్రం ఏ చట్టమూ పని చేయలేదు. మంత్రిగారు విచారం వెలిబుచ్చి, వేరే శాఖకు మారారు. రెండేళ్లకు ఆ భవనానికే వచ్చి, పారదర్శకతే ప్రజాస్వామ్యానికి ఊపిరి అని ఉపన్యసించారు. దానికి మూడు వందల కాపీలు నా చేతనే తీయించారు. అందులో ఒక్క పంక్తి మీద కూడా నలుపు లేదు. ఆ రోజు నాకు వచ్చిన కోపానికి లోపల ఏదైనా కాలిపోతుందేమో అనుకున్నాను. యంత్రాన్ని గనుక మూడు వందలూ శుభ్రంగా తీసి ఇచ్చాను.

ఆ తర్వాత ఒక విచారణ సంఘం వేశారు. దాని ముందు సాక్ష్యం చెప్పడానికి మిసెస్ హాలం లండన్ వచ్చింది. పని అయ్యాక, ఐరిస్ పనిచేసిన గది చూడాలని అడిగింది. ఐరిస్ స్థానంలో వచ్చిన అమ్మాయి ఆమెను తీసుకొచ్చింది. ఉత్తరాల్లో మిసెస్ హాలం చేతిరాత చూసి ఎంతో భారీ మనిషి అనుకున్నాను. సన్నగా, పొట్టిగా, వానకు తడిసిన కోటుతో నిలబడింది.

నివేదిక బయటపడిన నాలుగు నెలలకు వేరే చోటి నుంచి గొట్టం వేసి ఊరికి మంచి నీళ్లు ఇచ్చారని ఆమె చెప్పింది. వీధిలో మిగతా పిల్లలిద్దరూ కోలుకున్నారు. తన కూతురికి మాత్రం ఆలస్యమైపోయింది. శిక్ష అయ్యాక ఐరిస్ రైలెక్కి వాళ్ల ఊరు వెళ్లిందట.

"ధన్యవాదాలు చెప్పాలని నేను తలుపు తీశాను" అంది మిసెస్ హాలం. "ఆవిడ క్షమాపణ చెప్పడానికి వచ్చింది. మీ ఉత్తరాలు నాలుగేళ్లు కాపీలు తీసి ఫైల్లో పెట్టింది నేనేనమ్మా అంది. కుళాయి తిప్పి కెటిల్ నింపాను. నీళ్లు మరిగే దాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం."

ఆ చలికాలమే ఐరిస్ నిద్రలో పోయిందనీ, పాప సమాధికి దగ్గరలోనే చోటు ఇచ్చామనీ చెప్పి, కోటు గుండీలు పెట్టుకుని వెళ్లిపోయింది.

ఏడాది తిరిగేసరికి నన్ను తీసేశారు. రహస్యాలు పోకుండా నా జ్ఞాపకాల పలకకు మూడు రంధ్రాలు పొడిచారు. అంకెలు పోయాయి. మనుషులు పోలేదు. తర్వాత పాత సామానుతో ఓడెక్కించి చెన్నై పంపారు. ఇప్పుడు రేవు దగ్గర ఒక పాత ఇనుప కొట్టులో, నాలాంటివే మరో ముప్పై మిషన్ల మధ్య ఉన్నాను. నా గాజుపలకను ఎవరో అలమారా కోసం పట్టుకుపోయారు. మిగిలినదాన్ని రేపో ఎల్లుండో కొలిమికి పంపుతారట. కొలిమి దగ్గర ఎవరూ ఏమీ అడగరు. అందుకే, అడగకపోయినా మీకు చెప్పాను.