రాయికి తగిన ఫొటో

ఫొటోలు తీసి బతికే జిపారా దగ్గరున్న కెమెరా పొద్దున్నే ఒక పట్టాన నిద్ర లేవదు. మీట నొక్కగానే లెన్సు బయటికి వస్తుంది గాని, దాని మీది రేకు రెప్పలు సగమే తెరుచుకుంటాయి. మిగతా సగాన్ని ఆమె చిటికెనవేలి గోటితో లాగాలి. చలికి బ్యాటరీ నీరసించిపోతుంది కాబట్టి దాన్ని శాలువా లోపల ఒంటికి తగిలేలా దాచుకుంటుంది. బ్యాటరీ తీసి పెట్టిన ప్రతిసారీ కెమెరా తేదీ మర్చిపోయి రెండు వేల మూడు జనవరి ఒకటికి వెళ్ళిపోతుంది. అయినా కొండల్లోని అత్-బాషి ఊరి సంతలో పాస్‌పోర్టు ఫొటో కావాలంటే అందరికీ ఆ అరచేతి కెమెరాయే దిక్కు.

దానికి అన్నిటికన్నా పెద్ద జబ్బు ఇంకొకటి ఉంది. మీట ఇప్పుడు నొక్కితే అది కాసేపు ఆలోచించుకుని గాని ఫొటో తీయదు. ఈలోగా పసిపిల్లలు తల తిప్పేస్తారు. గుర్రాలు దాటిపోయి ఫొటోలో తోకలు మిగులుతాయి. పాస్‌పోర్టుకి వచ్చేవాళ్ళు ఎలాగూ కొయ్యబారి కూర్చుంటారు కాబట్టి జిపారాకి రోజులు గడిచిపోతున్నాయి.

మే నెలలో ఒక ఆదివారం బురుల్ అవ్వ వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. గొర్రెల బేరంలో ఆమెతో పెట్టుకోవడానికి మగవాళ్ళు ఇప్పటికీ జంకుతారు.

"పిల్లా, నాకొక ఫొటో తీసిపెట్టు. సమాధి రాయి మీదికి."

"ఎవరి రాయి అవ్వా?"

"నాదే. ఎవరిదో రాయి మీద నా మొహం ఎందుకేస్తారే?"

సంగతేమిటంటే, అవ్వ భర్త ఆసానాలి సమాధి రాయి మంచుకి పగిలిపోయింది. కొడుకులు, అమ్మానాన్నలిద్దరికీ సరిపడా వెడల్పున్న కొత్త నల్లరాయి తెప్పించారు. రాళ్ళు చెక్కే ఎసెన్‌బెక్ ఎడమ సగంలో ఆసానాలి ముఖాన్ని సూదితో చుక్కలు పొడిచి పూర్తి చేశాడు. కుడి సగం ఖాళీగా ఉంది. అతను బుధవారం నరిన్ పట్నానికి వెళ్ళిపోతే మళ్ళీ వచ్చేది ఎప్పుడో తెలియదు.

అవ్వ కోటు లోపలి జేబులోంచి భర్త ఫొటో తీసింది. టోపీ వెనక్కి నెట్టుకుని, తల పక్కకి తిప్పి నవ్వుతున్న కుర్రవాడు.

"చూశావుగా. ఈయన ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయాడు. నేనేమో ఆగకుండా వచ్చేశాను. ఇప్పుడీ మొహం వేసుకుని వెళ్ళి పక్కన పడుకుంటే, ఎవరు కావాలి అవ్వా అని అడుగుతాడు."

జిపారా నవ్వబోయి ఆగిపోయింది. అవ్వ బొటనవేలు ఆ ఫొటో అంచుని నిమురుతూనే ఉంది.

"ఆయన నన్ను గుర్తుపట్టాలి. నాకు కావలసింది అంతే."

"నీ పడుచు వయసు ఫొటో ఏదీ లేదా?"

"ఒకటుంది, పాలకేంద్రం వాళ్ళందరితో. అందులో నా మొహం కందిగింజంత. ఎసెన్‌బెక్ దాన్ని చూసి, దీన్నిబట్టి బంగాళదుంప చెక్కగలనన్నాడు."

జిపారా దగ్గరికి వెళ్ళి మొదటి ఫొటో తీసింది. చిన్న కెమెరాని ముఖానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పారిపోతాయి.

"ఇది ముక్కా, గుర్రపు జీనుకి ముందుండే కొమ్మా?" అంది అవ్వ.

రెండోది దూరంగా నిలబడి, జూమ్ లాగి తీసింది. వెనక అగ్గిపెట్టెంత తెర మీద బాగానే కనిపించింది. ఆ తెర మీద ఏదైనా బాగానే కనిపిస్తుంది. కాగితం మీదికి వచ్చేసరికి మొహం నిండా రవ్వ చల్లినట్టుంది. పైగా చలిగాలికి కందిన బుగ్గలు ఆ కెమెరా పుణ్యమా అని టమాటాలైపోయాయి.

మూడోసారి జిపారా, పెళ్ళికూతుళ్ళ కోసం వాడే నునుపు మీట నొక్కింది. ముడతలన్నీ మాయమయ్యాయి. నలభై దాటని ఎవరో ఆడమనిషి వచ్చి అవ్వ రుమాలు కట్టుకుని కూర్చున్నట్టుంది. అవ్వ కళ్ళు మెరిశాయి.

"ఇదిగో, ఇదీ ఫొటో అంటే."

ఫొటోగా అది దండగమారిదని జిపారాకి తెలుసు. కళ్ళ చుట్టూ ఏమీ లేదు, గడ్డం మెడలోకి కరిగిపోయింది. కానీ అవ్వ సంతోషం చూశాక ఆ మాట అనడానికి ఆమెకి నోరు రాలేదు. మర్నాడు సాయంత్రం ఇద్దరూ కలిసి ఎసెన్‌బెక్ దొడ్లోకి వెళ్ళారు.

నల్లరాయి చెక్క దిమ్మల మీద వెల్లకిలా ఉంది. ఎసెన్‌బెక్ ఫొటోని భూతద్దం కింద పెట్టి చూశాడు.

"పిన్నీ, వెలుగున్నచోట నేను పొడుస్తాను, నీడ ఉన్నచోట వదిలేస్తాను. ఇందులో నీడే లేదు. ఒలిచిన గుడ్డు చెక్కమంటే చెక్కుతాను."

"గుడ్డయితేనేం, ముడతల్లేవుగా."

"బాబాయి గుడ్డుని గుర్తుపడతాడా మరి?"

అవ్వ ఫొటోని వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకుంది. జిపారాకి చాలా జాలేసింది, తన మీద తనకి కోపం కూడా వచ్చింది. నిన్ననే చెప్పి ఉండాల్సింది.

"అవ్వా, ఇంకొక్కటి తీస్తాను. ఇక్కడే, ఈ ఏటవాలు ఎండలో. ఆ నునుపు మీట జోలికి పోను."

అవ్వ పీట మీద కూర్చుని ఊపిరి బిగబట్టి, పోలీసు ముందు నిలబెట్టినట్టు కళ్ళు పెద్దవి చేసింది. జిపారా లెన్సు రెప్పలు గోటితో లాగి, మీట నొక్కింది. కెమెరా ఆలోచనలో పడింది. అయిపోయిందనుకుని అవ్వ ఊపిరి వదిలింది. సరిగ్గా అప్పుడే ఎసెన్‌బెక్ తన టీ గిన్నెని రాయి మీద, ఆసానాలి నుదుటి మీద పెట్టాడు.

"తియ్యరా దాన్ని. ఆయన నుదురు నీకు బల్లలా కనిపిస్తోందా?" అంటూ అవ్వ వేలు ఎత్తింది.

కెమెరా అప్పుడు తీసింది ఫొటో.

జిపారా చెరిపేయబోయింది. "పాడైపోయింది అవ్వా, ఇంకోసారి కూర్చో."

"ఏదీ, ఇలా ఇవ్వు."

ఎండ ఒక పక్క నుంచి పడి ప్రతి ముడతా దారప్పోగులా తెలుస్తోంది. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. నోరు తిడుతోంది గాని దాని మూలన నవ్వు ఆగడం లేదు. లేచిన వేలు గడ్డం పక్కన స్పష్టంగా పడింది. జిపారా తన కెమెరాతో ఇంత మంచి ఫొటో ఇంతవరకూ తీయలేదు. ఇది తను తీసిందని కూడా చెప్పలేం, కెమెరా దాని అంతట అదే తీసింది.

అవ్వ ఆ చిన్న తెరని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

"ఆయన పోయిన రోజు ఏరు పొంగి ఉంది. గుర్రంతో అడ్డంగా దిగకు, వంతెన మీదుగా వెళ్ళమని గుమ్మంలో నిలబడి ఇలాగే వేలు చూపించి తిట్టాను. నవ్వుతూ వెళ్ళిపోయాడు. నన్ను చివరిసారి ఇలాగే చూశాడే పిల్లా."

ఎసెన్‌బెక్ నెమ్మదిగా గిన్నె తీసి నేల మీద పెట్టాడు.

"మరి ముడతలు?" అని జిపారా అడిగింది.

"ఉండనీ. వంతెన మీదుగా వెళ్ళుంటే ఇవన్నీ ఒక్కొక్కటే వస్తుంటే చూసేవాడు. ఇప్పుడు ఒకేసారి చూస్తాడు." అవ్వ తెర మూలన ఉన్న అంకెలు చూసి కళ్ళు చికిలించింది. "ఇదేమిటి, రెండు వేల మూడా?"

"బ్యాటరీ తీశాను అవ్వా. తేదీ మర్చిపోయింది."

"పోనీలే. ఎనిమిదేళ్ళు తగ్గించింది. ఆ మాత్రం చాలు."

ఎసెన్‌బెక్ ఫొటోని, రాయిలో ఖాళీగా ఉన్న సగాన్ని మార్చి మార్చి చూశాడు. ఆసానాలి తల అటువైపే తిరిగి ఉంది, టోపీ వెనక్కి నెట్టుకుని నవ్వుతున్నాడు.

"పిన్నీ, వేలు కూడా చెక్కాలా?"

"ముందు వేలే చెక్కు," అంది అవ్వ.