అరచేతి లెక్క

గుర్రాలశాల పెద్దాయనకి తన అరచెయ్యే థర్మామీటరు. గుర్రం చెవి మొదట్లో చెయ్యి పెట్టి జ్వరం సంగతి చెప్పేసేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు, ఆ గీర కూడా తగ్గలేదు.

గోధుమరంగు గుర్రం మేత ముట్టడం మానేస్తే కూతురు, "నాన్నా, పశువుల డాక్టర్ని పిలుద్దాం," అంది.

పెద్దాయన చెవి పట్టుకు చూశాడు. "వేడేం లేదు. నాకు చెప్పొచ్చావా," అని కసిరాడు. మర్నాడూ అదే మాట.

మూడోరోజు పొద్దున్నే ఆమె అడక్కుండా గుర్రం తోక కింద థర్మామీటరు పెట్టింది. నూట ఐదు. డాక్టరు పరుగున వచ్చాడు గానీ, అప్పటికే పరిస్థితి చెయ్యి దాటిపోయింది.

చచ్చిన గుర్రం పక్కన కూలబడ్డ తండ్రిని లేపబోయి, కూతురు ఉలిక్కిపడింది. ఆయన ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"ఎప్పటినుంచి నాన్నా ఈ జ్వరం?"

"మొన్నటినుంచి," అన్నాడాయన, తన అరచేతినే చూసుకుంటూ.