వస్తున్నా ఆగు

చనిపోయి ఏడాది కావస్తున్న మొగుడి ఫోన్‌కి ఆమె ల్యాప్‌టాప్ తనంతట తనే కనెక్ట్ అయింది.

తెర మూలన, వైఫై గుర్తు పక్కన, ఆ పేరు నిక్షేపంగా కూర్చుని ఉంది. ‘వస్తున్నా ఆగు.’ దాని కింద చిన్న అక్షరాలు: కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు.

ఆమె కుర్చీని ఒక్కసారిగా వెనక్కి తోసి లేచి నిలబడింది. కుర్చీ గోడకి కొట్టుకుంది. బయట వాన పడుతోంది. పట్టపగలే గదిలో లైటు వేసుకోవాల్సినంత మబ్బు.

ఆ పేరు పెట్టింది ఆయనే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎప్పుడు ఫోన్ చేసినా, ఏ ఊరి చివర ఉన్నా, ‘వస్తున్నా ఆగు’ అనేవాడు. గంట తర్వాత చేసినా అదే మాట. “నీ మాట నమ్మి ఆగితే నాకు జుట్టు నెరుస్తుంది” అని ఆమె దెప్పిన రోజే, పకపకా నవ్వి, తన ఫోన్ హాట్‌స్పాట్‌కి ఆ మాటే పేరుగా తగిలించాడు. అప్పట్లో ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా ఆమె పని నడిచింది ఆ హాట్‌స్పాట్ మీదే.

ఆయన పోయిన రోడ్డు ప్రమాదం తర్వాత ఆ ఫోన్ దొరకలేదు. నుజ్జయిన వ్యాన్‌లో లేదు. ఆయన జేబులో లేదు. రోడ్డు పక్క తుప్పల్లోనూ లేదు. పోలీసులు కొన్నాళ్లు వెతికి చేతులు దులుపుకున్నారు.

అది దొరకాలని ఈ లోకంలో ఆమెకి పట్టినంత ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే ఆ వ్యాన్ ఆగి ఉన్న లారీని గుద్దిన సమయానికి ఆయనకి ఫోన్ చేసింది ఆమే. అవతల ఫోన్ ఎత్తారు. మాట లేదు. ఊపిరి మాత్రం వినిపించింది, చివర్లో సన్నటి ఈలతో, కిటికీ సందులోంచి గాలి దూరినట్టు. ఆపైన కట్ అయింది. నడుపుతూ ఫోన్ ఎత్తాడు, అదుపు తప్పాడు అని పోలీసులు తేల్చేశారు.

“నీ ఫోనే వాణ్ణి మింగిందే అమ్మాయ్” అంది అత్తగారు. ఒక్కసారే అంది. మళ్లీ అనలేదు. అనక్కర్లేకపోయింది. ఆ మాట అన్నంలో రాయిలా ఆమె పంటికింద తగులుతూనే ఉంది.

అసలు ఆమె బతుకుతెరువే వినడం. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్స్‌లో విని రిపోర్టులుగా టైపు చేస్తుంది. నోట్లో నోట్లో నమిలేసే డాక్టర్లు, మధ్యలో ఆవలించే డాక్టర్లు, అందరూ ఆమెకి చెవిపరిచయమే. నోరు తెరవకముందే, ఊపిరి పీల్చిన తీరును బట్టి ఎవరో చెప్పేస్తుంది. ‘చెవులమ్మా’ అని ఏడిపించేవాడు మొగుడు. అలాంటి చెవుల్లో ఆ ఆఖరి ఊపిరి ఇరుక్కుపోయింది. ఫైలుకీ ఫైలుకీ మధ్య నిశ్శబ్దం వస్తే చాలు, అదే వినిపిస్తుంది.

ఇవాళ పొద్దున ఆ పని ఇచ్చే కంపెనీ వాళ్లు ఖరాకండిగా చెప్పేశారు. పాత సిస్టమ్ మీద ఇక ఫైళ్లు తెరుచుకోవు, అప్‌గ్రేడ్ చేసుకోండి అని. నిజానికి ఈ మాట వాళ్లు చాలా నెలలుగా చెబుతున్నారు. మరిదే చెయ్యనివ్వలేదు. పై అంతస్తులో తన గదిలోనే ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తుంటాడు. “ఆ అప్‌గ్రేడ్ జోలికి పోకు వదినా, వైఫైని మింగేస్తుంది. తీరిక చూసుకుని నేనే చేసిపెడతాగా” అంటూ దాటేస్తూ వచ్చాడు. ఇవాళ అతను విడిభాగాలు కొనడానికి బజారుకి వెళ్లాడు. ఆమె ఇక ఆగలేక బటన్ నొక్కేసింది.

అప్‌గ్రేడ్ అయితే సాఫీగానే అయింది. ఆ తర్వాతే మొదలైంది తంతు. ఇంటి వైఫైకి కలిపితే కాసేపు ఉండి ఊడిపోతుంది. ఊడిన మరుక్షణం ల్యాప్‌టాప్ వెళ్లి ‘వస్తున్నా ఆగు’ని పట్టుకుంటుంది. రౌటర్ ఆపి వేసింది. ల్యాప్‌టాప్ ఆపి వేసింది. ఎన్నిసార్లు వేసినా అదే పేరు, తల్లి వెనక దాక్కున్న పిల్లాడిలా, ఓ క్షణం ఆగి తొంగిచూస్తోంది.

తన ఫోన్ తీసి అందులో వైఫై జాబితా చూసింది. ఇంటిది ఉంది. పక్కింటిది ఉంది. ఆ పేరు లేదు.

ఒక్క ల్యాప్‌టాప్‌కే కనిపిస్తున్నదేమిటి?

మరిదికి ఫోన్ కొట్టింది.

“చెప్పు వదినా, ఏం తేవాలి?”

“ఏం వద్దు గానీ, అప్‌గ్రేడ్ చేశాను. వైఫై నిలబడటం లేదు.”

“చేసేశావా? నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాగా! సరే, ఏమంటోంది?”

“మీ అన్నయ్య ఫోన్‌కి కనెక్ట్ అయిందంటోంది.”

అవతల బజారు రొద మాత్రం వినిపించింది. హారన్లు, ఎవరో బేరమాడటం.

“ఉన్నావా?”

“అది... పాత పేరు వదినా. లోపల గుర్తుండిపోయి ఉంటుంది. మూసెయ్. దాన్ని ముట్టుకోకు. నేను వచ్చి మళ్లీ పాత సిస్టమ్‌కి మార్చేస్తా. వస్తున్నా, ఇప్పుడే వస్తున్నా.”

పెట్టేశాడు. బజారుకి వెళ్తే పిలిచినా సాయంత్రం దాకా రాని మనిషి, ఇప్పుడే వస్తున్నాడట!

ఆమె ల్యాప్‌టాప్ మూయలేదు. ఆ తర్వాత కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేసింది. ఓ అమ్మాయి ఎత్తింది. చలాకీ గొంతు, బబుల్‌గమ్ నములుతున్నట్టుంది.

“ఏముంది మేడమ్, మీకు ఇష్టంలేని ఆ నెట్‌వర్క్ మీద నొక్కండి. ‘మర్చిపో’ అని వస్తుంది. అది నొక్కేయండి, మీ పని మీరు చేసుకోండి.”

ఆమె బాణం గుర్తుని ‘మర్చిపో’ మీదికి తెచ్చింది. నొక్కడానికి వేలు పడలేదు.

“అది మావారి ఫోనమ్మా. ఆయన పోయారు. ఆ ఫోన్ కూడా పోయింది.”

నమలడం ఆగింది. “సారీ మేడమ్. అయితే ఎవరైనా తమ ఫోన్‌కి అదే పేరు పెట్టుకున్నారేమో?”

“పాస్‌వర్డ్ అడగకుండా కలిసిందిగా?”

“...అయితే అదే ఫోన్. పాస్‌వర్డ్ కూడా అదే అయితేనే కలుస్తుంది.”

“నా ఫోన్‌లో కనిపించడం లేదే?”

“మీ ఫోన్ పాతదా? అయితే అంతే. హాట్‌స్పాట్‌లో కొత్త రకం బ్యాండ్, అంటే సిగ్నల్ దారి, ఒకటుంది మేడమ్. పాత ఫోన్లకి అందదు. వేగం ఎక్కువే గానీ గోడలంటే దానికి చచ్చేంత నీరసం. రెండు గోడలు దాటితే చతికిలబడుతుంది.” ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. “మేడమ్, మిమ్మల్ని భయపెట్టాలని కాదు. అది మీ ఇంట్లోనే ఉంది.”

వాన పెద్దదైంది. ఆమె తెలియకుండానే తలుపు వైపు చూసింది.

“ఇంకోటి. ఎవరూ వాడకపోతే హాట్‌స్పాట్ కాసేపటికి తనంతట తనే ఆగిపోతుంది. ఇది ఆగలేదంటే ఏదో ఒకటి దాన్ని పట్టుకునే ఉంది. మీ ల్యాప్‌టాప్ కాక ఇంకోటి.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు కనిపించలేదు?”

“అదీ చిత్రమే. ఒక పేరు మాత్రం కనిపించకుండా ల్యాప్‌టాప్‌లో మూత పెట్టొచ్చు. అప్‌గ్రేడ్ చేస్తే ఒక్కోసారి ఆ మూత ఎగిరిపోతుంది. కానీ అది దానంతటది పడేది కాదు మేడమ్. ఎవరో పని తెలిసినవాళ్లు కూర్చుని, ఆ పేరు టైపు చేసి మరీ పెట్టాలి. మీ ల్యాప్‌టాప్ ఎవరు చూస్తారు?”

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, తెరిచిన ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తుకుంది.

వంటింట్లోకి వెళ్తే తెర మీది సిగ్నల్ గీతల్లో ఒకటి తగ్గింది. వెనక వసారాలో ఒక్కటే మిగిలింది. మళ్లీ హాల్లోకి వస్తే పెరిగింది. అత్తగారు సోఫాలో కాళ్లు ముడుచుకుని బఠానీలు ఒలుస్తోంది.

“ఏంటమ్మాయ్, దాన్ని చంకనేసుకుని ఇల్లంతా పచార్లు చేస్తున్నావు? జోకొడితే గానీ పడుకోదా?”

“వైఫై రావడం లేదత్తయ్యా.”

“గట్టిగా చెప్పు. నాకు వినపడి చావదని తెలుసుగా, గోడతో గుసగుసలాడినట్టు మాట్లాడతావు.”

“వైఫై రావడం లేదూ! మేడ మీద చూసొస్తా!”

“చిన్నోడి గదిలోకా? ఏదీ కదపకు తల్లీ, చూశాడంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. వాడికి హడావిడి పడదసలు. చిన్నప్పుడు భయమేస్తే చాలు, ఊపిరిలో పిల్లికూతలే. పరీక్ష రోజైతే ఇంట్లో ఈలలే ఈలలు, రైలు కూత పెట్టినట్టు.” తనలో తనే నవ్వుకుని బఠానీల్లో పడింది.

ఆమె మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకీ తెర మీది గుర్తు నిండుతోంది. మరిది గది తలుపుకి గడియ మాత్రమే ఉంది. తాళం ఎప్పుడూ వెయ్యడు. ఆ దుమ్ములోకి ఎవరొస్తారని ధీమా.

గదంతా చచ్చిన ల్యాప్‌టాప్‌ల గుట్టలు. పళ్లూడిన నోళ్లలా కీబోర్డులు. సీసా మూతల నిండా మరలు. కాలిన లోహం వాసన. చప్పుడు లేదు. వాన చప్పుడు కూడా ఇక్కడ దూరంగా ఉంది.

గుర్తు పూర్తిగా నిండిపోయింది.

బల్ల కింద చూసింది. అట్టపెట్టెల వెనక చూసింది. ఏమీ లేదు. మూల అరలో ఓ పాత ప్రింటర్ ఉంది. ఎవరో బాగుకాదంటే వదిలేసి పోయిన సరుకు. దాని నెత్తిన వేలెడు దుమ్ము. కానీ మూత అంచు మాత్రం తుడిచినట్టు శుభ్రంగా ఉంది. దాని వెనక నుంచి ఓ తీగ ప్లగ్గులోకి వెళ్తోంది.

బాగుకాని ప్రింటర్‌కి కరెంటెందుకు?

దాని పక్కభాగానికి అరచెయ్యి ఆనించింది.

వెచ్చగా ఉంది. పడుకున్న పిల్లి పొట్టలా వెచ్చగా ఉంది.

మూత ఎత్తింది. లోపలి సరంజామా అంతా పీకేసి ఉంది. ఆ బోలులో మడతపెట్టిన గుడ్డ మీద, పక్కపక్కన, ఓ ట్యాబ్, ఓ ఫోన్. రెండింటికీ ఛార్జర్లు. ఫోన్ అద్దం సాలెగూడులా పగిలింది. ఆమె వేలు తగలగానే వెలిగింది. తాళం వేసిన తెర మీద ఆమె ఫోటో. హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే కుర్చీలో నిద్రపోతున్నప్పుడు ఆయన దొంగచాటుగా తీసింది.

అప్పుడు వినపడింది.

ఆమె వెనక, గుమ్మం దగ్గర, ఊపిరి. పీల్చడం. వదలడం. వదిలే చివర సన్నటి ఈల, కిటికీ సందులోంచి గాలి దూరినట్టు.

ఆమె వెనక్కి తిరగలేదు. కళ్లు మూసుకుంది, కష్టమైన ఫైలు వచ్చినప్పుడు మూసుకున్నట్టే. మళ్లీ పీల్చడం. మళ్లీ ఈల. అనుమానం లేదు. ఏడాదిగా మొగుడి ఆఖరి ఊపిరి అనుకుని చెవుల్లో దాచుకున్నది, తడిసిన బట్టలతో, మెట్లు పరిగెత్తి ఎక్కొచ్చి గుమ్మంలో నిలబడింది.

“వదినా” అన్నాడు మరిది. “అది చూడకూడదు.”

“ఆ రోజు ఫోన్ ఎత్తింది నువ్వు” అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

జవాబుగా ఈల వచ్చింది.

కింది నుంచి అత్తగారి అడుగులు. మెట్టుకో మూలుగుతో పైకెక్కి వచ్చింది. “ఏంట్రా, చెప్పులతోనే పరిగెత్తుకొచ్చావు? హాలంతా బురద! ఏమైందర్రా?” ప్రింటర్ వైపు చూసింది. చూసి, పగిలిన ఫోన్‌ని గుర్తుపట్టింది. గోడ పట్టుకుంది. “అది పెద్దోడిది కదూ?”

మరిది పెదవులు కదిలాయి.

“అత్తయ్యకి వినపడలేదు” అంది ఆమె. ఇప్పుడు తిరిగి అతని కళ్లలోకి చూసింది. “గట్టిగా చెప్పు.”

“వదినా, అమ్మ తట్టుకోలేదు...”

“నన్ను అన్నప్పుడు నేను తట్టుకున్నాగా. గట్టిగా చెప్పు.”

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. వాన నీళ్లు జుట్టులోంచి కారుతున్నాయి. తల్లి ముఖం చూడలేక, ఆ ఫోన్ వైపే చూస్తూ, అరిచినంత గట్టిగా చెప్పాడు.

“బండి నడిపింది నేనమ్మా! అన్నయ్య పని చేసి చేసి అలిసిపోయి పక్క సీట్లో నిద్రపోయాడు. నాకు లైసెన్సు లేదు, తెలిసే తాళం ఇచ్చాడు, మెల్లగా పోనివ్వమన్నాడు. నేను ట్యాబ్ ముందు పెట్టుకుని అన్నయ్య హాట్‌స్పాట్ మీద మ్యాచ్ చూస్తున్నా. లారీ కనపడలేదు. కనపడేసరికి అన్నయ్య వైపే గుద్దేశాం. పిలిచాను. కుదిపాను. ఊపిరి లేదమ్మా, అప్పటికే లేదు! నాకు భయమేసింది. అన్నయ్యని లాగి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాను. వీటిని తీసుకుని పరిగెత్తబోతుంటే చేతిలో ఫోన్ మోగింది. వదిన. ఎందుకెత్తానో తెలీదు. ‘ఏయ్, పలకవేం, అలిగావా? సరేలే, తలుపు గడియ పెట్టను, తొందరేం లేదు, మెల్లగా రా’ అంది. నేను నోరు తెరిస్తే నా గొంతు తెలిసిపోతుందని కట్ చేశా. సిమ్ అప్పుడే పీకి పారేశా, కానీ ఆ ఫోన్ తాళం తీసే నంబరు నాకు తెలీదు. హాట్‌స్పాట్ ఆపలేను, పేరు మార్చలేను. అందుకే వదిన ల్యాప్‌టాప్‌కే గంతలు కట్టాను. ట్యాబ్ ఆపేసినా, ఛార్జింగ్ పీకేసినా చాలు, అదే చచ్చిపోయేది. రోజూ పీకేద్దామనే మూత తెరుస్తాను. అన్నయ్యని రెండోసారి చంపినట్టుంటుంది, మూసేస్తాను. వదిన ఫోన్ వల్ల కాదమ్మా. వినపడుతోందా? వదిన ఫోన్ చేసేసరికే అన్నయ్య లేడు. చంపింది నేను!”