తేలికపాటి తుపాకి

భార్యకు తుపాకి కొనడానికి వచ్చే మొగుళ్ళందరూ ముందు అడిగేది ఒకటే, తేలికైనది చూపించమని. ఆవిడ మెడ ఎంత పొడుగో, చేతులు ఎంత వరకు సాగుతాయో, గురి చూసేటప్పుడు ఏ కన్ను పెత్తనం చేస్తుందో వాళ్ళకు అక్కర్లేదు. ఆడమనిషి కాబట్టి తేలికైనది కావాలి, వీలైతే పక్కన నాలుగు పువ్వులు చెక్కినది కావాలి. మా నాన్న పోయాక ఈ తుపాకుల కొట్టు నేనే నడుపుతున్నాను. తేలికైనది అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తేలిక తుపాకి మోసేటప్పుడే తేలిక. పేలినప్పుడు పుట్టే దెబ్బను మింగడానికి దానిలో బరువుండదు. మొత్తం తెచ్చి భుజానికే అప్పజెబుతుంది.

క్లిఫర్డ్ బెడోస్ నన్ను ఆ మాట కూడా అడగలేదు. పాల లారీ తోలి రిటైరైన మనిషి, తనకు తెలియని యంత్రం లోకంలో లేదనుకునే రకం. భార్య గ్లెనిస్‌కు పోలీసు లైసెన్సు చేతికి రాగానే తన చిన్నాన్న కొడుకు దగ్గర నుంచి ఒక తుపాకి తెచ్చేశాడు. ఇరవై బోరుది, అంటే చిన్న గొట్టానిది, సన్నగా, ముద్దుగా ఉంటుంది. ఆ చిన్నాన్న మనవరాలి కోసం ఎప్పుడో దాని మడమ, అదే భుజానికి ఆనే చెక్క, కోయించి పొట్టి చేశారు. గ్లెనిస్ ఏమో మొగుడి కంటే బెత్తెడు పొడుగు. అది భుజానికెత్తి పేల్చినప్పుడల్లా తుపాకి పట్టుకున్న చేతి బొటనవేలు వెళ్ళి ఆమె ముక్కుకే తగిలేది.

అంతకు ముందటి ఏడాది ఆమెకు కుడి రొమ్ము తీసేశారు. ఇంగ్లండులో, మా ష్రాప్‌షైర్ పల్లెల్లో ఆ జబ్బు పేరు ఎవరూ నోటితో అనరు. "ఒంట్లో బాగోలేదట, పాపం" అనుకుని, ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె ఒకటి చేసి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతారు. ఆ ఏడాదంతా క్లిఫర్డ్ వంట చేశాడు, గుడ్డలు ఉతికాడు, టీ కెటిల్ కూడా ఆమెను ఎత్తనివ్వలేదు. చెయ్యి కదిలిస్తూ ఉండాలని తర్వాత నర్సు చెప్తే, తన ఆదివారపు తుపాకి ఆటకు ఆమెను కూడా తీసుకెళ్దామని అతనికే తోచింది. తేలిక తుపాకి తేవడంలో అతని లెక్క కూడా అదే, ఆమె చేతికి శ్రమ ఉండకూడదని. అంత ప్రేమగా ఒక మనిషి అంత తప్పు పని చేయడం నేను చూడలేదు.

ఆట జరిగేది కొండ కింద, గొర్రెల పొలానికి అవతల ఉన్న పల్లంలో. కాల్చేవాళ్ళు "పుల్" అని పళ్ళెం పిలవగానే పక్కవాళ్ళు బొత్తాం నొక్కుతారు, యంత్రం అరచేతంత మట్టి పళ్ళేన్ని గాల్లోకి విసురుతుంది, నేల తాకేలోపు దాన్ని పేల్చాలి. ఆదివారాల్లో కొత్తవాళ్ళకు నేర్పే పని నాది. గ్లెనిస్‌కు కూడా నేర్పుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. క్లిఫర్డ్ నాకు చోటే ఇవ్వలేదు. అన్నీ తనే చెప్తాడు, తనే బొత్తాం నొక్కుతాడు, ఆమె కొట్టలేకపోతే తనే చప్పట్లు కొడతాడు. ఆసుపత్రి చుట్టూ తిరిగిన ఆ ఏడాదిలో నవ్వడం మరిచిపోయిన మనిషి, అక్కడ పగలబడి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, కానీ పేల్చేముందు కళ్ళు గట్టిగా మూసుకునేది. బెదురు అనుకున్నాను.

ఒక మంగళవారం ఆమె ఒక్కతే తుపాకి సంచితో కొట్టుకు వచ్చింది. టీ వద్దంది. సంచి బల్ల మీద పెట్టి, ఈ తుపాకి చెడిపోయిందని క్లిఫర్డ్‌తో చెప్పమని నన్ను అడిగింది. విప్పి చూశాను. నిక్షేపంలా ఉంది. ఆ సంగతే చెప్పాను. ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, చొక్కా పై బొత్తాలు విప్పింది. భుజం గుంట నుంచి కుట్లు వేసిన చోటు దాకా చర్మం నల్లగా కమిలిపోయి ఉంది. పాత గాయం మీద కొత్తది, దాని మీద ఇంకోటి.

నాకు ముందు అతని మీద కోపం వచ్చింది, తర్వాత ఆమె మీద వచ్చింది.

"నోట్లో నాలుక లేదా నీకు? నొప్పిగా ఉందని చెప్పడానికేం?" అన్నాను.

"చెప్తే మానిపించేస్తాడు ఈనిడ్. తనూ మానేస్తాడు. మళ్ళీ నన్ను కుర్చీలో కూచోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, ఎదురుగా కూచుని చూస్తూ ఉంటాడు. ఆ చూపు నేనింక పడలేను. ఈ నొప్పి నయం."

పనిలోకి దిగాను. గది అటు చివర నిలబడి, రెండు కళ్ళూ తెరిచి నా ముక్కుకు వేలు గురిపెట్టమన్నాను. వేలు ఆమె కుడి కంటికి సరిగ్గా ఎదురుగా నిలిచింది. పెత్తనం ఎడమ కన్నుదైతే తుపాకిని ఎడమ భుజానికి మార్చుదామనుకున్నాను, ఆ ఆశ పోయింది. ఇక మిగిలింది బరువే. ఎవరూ కొనక గోడకు వేలాడుతున్న పాత పన్నెండు బోరు ఒకటి దించాను, బోరు అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దది. దున్నపోతులా ఉంటుంది. దాని మడమకు మందపాటి రబ్బరు మెత్త బిగించి, ఆమె చేతికి సరిపడా పొడుగు సర్ది, సగం మందు కూరిన చిన్న తూటాలు తీసిపెట్టాను. భుజానికి ఆనించి చూసుకుంది. ముక్కు ముక్కు చోట, వేలు వేలు చోట ఉన్నాయి. క్లిఫర్డ్‌తో అబద్ధం చెప్పడానికి ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానంటే, నేనూ ఏదీ నోటితో అనని ఈ ఊరి మనిషినే.

ఆదివారం నాడు చెప్పాను. చిన్న తుపాకిలో మీట స్ప్రింగు బలం తగ్గింది, బాగు చేసేదాకా ఆమె ఈ పెద్దది వాడుకుంటుంది అని. క్లిఫర్డ్ పెద్దదాన్ని ఎత్తి చూసి, ఇది తుపాకా, ఫిరంగా, ఆమె ప్రాణం తీద్దామనా అని నా మీద ఎగిరాడు. స్ప్రింగు మాట అసలు నమ్మలేదు. లారీ ఇంజను చేత్తో విప్పి బిగించిన మనిషి కదా, తనే చూస్తానన్నాడు. గ్లెనిస్ వద్దంది. వినకుండా చిన్న తుపాకి సంచిలోంచి తీశాడు, ఆమె కోసం తనే కొని తెచ్చిన తూటాలు రెండు వేశాడు, పళ్ళెం పిలిచాడు.

మొదటి దెబ్బకు భుజం సర్దుకున్నాడు. రెండో దెబ్బకు పళ్ళెం వంక చూడనే లేదు. మళ్ళీ రెండు వేశాడు, మళ్ళీ కాల్చాడు. లారీలు తోలిన భుజం అది. తుపాకిని తూటాలు వేసే చోట మడిచి చేతి మీద వేసుకుని వచ్చేసరికి, రెండో చేత్తో భుజం పట్టుకుని ఉన్నాడు.

"ఇది ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొదటి ఆదివారం నుంచి" అంది గ్లెనిస్.

అతను నన్ను చూడలేదు, ఇంకెవర్నీ చూడలేదు. చిన్న తుపాకిని సంచిలో పెట్టాడు. తర్వాత తన తుపాకిని కూడా దాని సంచిలో పెట్టి, సంచి బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాడు. "పద ఇంటికి. అయిపోయింది. ఇంక మనకిది వద్దు, బంగారం" అన్నాడు.

"చూశావా, ఇందుకే చెప్పలేదు."

"నొప్పెడుతుంటే నవ్వుతూ నిలబడ్డావు. నేనేమో పక్కన చప్పట్లు కొట్టాను."

"నువ్వు నవ్వుతున్నావు క్లిఫ్. నన్ను చూసి ఏడుపు మొహం పెట్టకుండా నువ్వు నవ్వి ఏడాదయింది. నేను ఇంటికి రాను. కావాలంటే నువ్వెళ్ళి కుర్చీలో కూచో."

ఆటకు వచ్చిన మిగతావాళ్ళు కొండలు చూడటం మొదలుపెట్టారు. నేనూ తూటాల పెట్టె సర్దుతున్నట్టు నటించాను. క్లిఫర్డ్ కారు తాళాలు పట్టుకుని నిలబడిపోయాడు. గ్లెనిస్ పెద్ద తుపాకి తీసుకుని కాల్చే చోటికి నడిచింది. కాసేపటికి అతను కూడా వెళ్ళి, బొత్తాం ఉన్న స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆమె పిలిచింది, అతను నొక్కాడు. పళ్ళెం చెక్కుచెదరకుండా వెళ్ళి గడ్డిలో పడింది. అతను చప్పట్లు కొట్టలేదు.

"నొప్పి ఉందా?" అని అడిగాడు.

గ్లెనిస్ తుపాకి మడిచి, భుజం ఒకసారి తిప్పి చూసుకుంది. ఉందో లేదో నిజంగానే ఆలోచించింది.

"ఉంది. కొంచెం" అంది. ఇంకో తూటా వేసుకుంది. "పుల్."

క్లిఫర్డ్ ఆమె భుజం వంక చూశాడు. అయినా నొక్కాడు.