తొణకని నిద్ర

పక్క సర్దడానికి గదిలోకి వెళ్ళిన ప్రతి ఉదయమూ ఆమెకు ఒళ్ళు మండిపోయేది. మంచం మీద భర్త పడుకున్న మేర దుప్పటి నలగనైనా నలగదు. పడుకున్నవాడు పడుకున్నట్టే లేస్తాడు మహానుభావుడు. తలగడలో తల ఆనిన గుంట మాత్రం గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది. సవతి చీర తడిమినట్టు ఆ గుంటను తడిమి చూసేది. పరాయి ఆడదాని మీద ఏడవాల్సిన అవసరం ఆయన ఎన్నడూ కలిగించలేదు. ఆమె ఏడుపంతా ఆయన నిద్ర మీదే.

పగలంతా ఆమె కాళ్ళు బుద్ధిగానే ఉంటాయి. నడుం వాల్చగానే మొదలు. పిక్కల లోపల చీమలు బారులు తీరినట్టు, ఎముకకూ కండకూ మధ్య ఎవరో దారం పట్టి లాగుతున్నట్టు. నొప్పి అందామా అంటే నొప్పి కాదు, తిమ్మిరీ కాదు. కదిపితే హాయి, ఆపితే నరకం. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, పడుకుంటే మళ్ళీ తయారు. రెండో కాన్పు తర్వాత పట్టుకుంది ఈ పీడ. "రోజంతా నిలబడే ఉద్యోగం కదా, అలుపు" అన్నాడు భర్త. "పని తక్కువై కాళ్ళు ఆడుతున్నాయి" అంది అత్తగారు. తల్లీకొడుకులు చెప్పిన కారణాలు ఒకదానికొకటి పొసగకపోయినా తీర్పు మాత్రం ఒకటే అయింది. ఆమె కింద పడుకోవాలి.

ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. "నువ్వు తంతుంటే రాత్రంతా కంటి మీద కునుకు లేదు. రేపు స్టీరింగు ముందు నా కళ్ళు మూతపడితే ఆ పిల్లల తల్లులకి నువ్వు చెప్తావా సమాధానం?" అన్నాడొకసారి. ఆమెకూ పిల్లలున్నారు మరి. చాపా తలగడా తీసుకుని ముందుగదిలోకి వచ్చేసింది. గచ్చు చలికి కాళ్ళ గోల ఇంకా ఎక్కువైంది. డాక్టరు దగ్గరికి వెళ్తానంటే, "కాళ్ళు లాగినా డాక్టరేనా? నలుగురూ నవ్వుతారు" అన్నాడు. కాన్పప్పుడు చూసిన నర్సు ఒకరోజు ఆమె పనిచేసేచోట కనబడి, ఒంట్లో ఐరన్ తగ్గినా ఇలా అవుతుందమ్మా, రక్తపరీక్ష చేయించుకో అంది. దానికి ఒక పొద్దుటిపూట ఖాళీ కావాలి. ఆమె పొద్దుటిపూటలన్నీ టిఫిన్ డబ్బాలవి, బడికెళ్ళే పిల్లలవి, అత్తగారి వేడినీళ్ళవి. అందరికీ వడ్డించి గిన్నె అడుగున మిగిలింది తినే మనిషికి ఐరన్ ఎక్కణ్ణుంచి వస్తుందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

విధి వెక్కిరింత కాకపోతే, ఆమె పనిచేసేది పరుపుల షాపులో! ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు గానీ, అక్కడికొచ్చేవాళ్ళ నిద్రకు సుఖం బాగానే తెలుసు. మెత్తగా ఉందో లేదో చూద్దామని చెప్పులు విప్పి పడుకున్నవాళ్ళు నిమిషంలో గురక పెట్టేవారు. ఆమె పెదాల మీద నవ్వు చెదరనివ్వకుండా లోపల కుళ్ళిపోయేది. ఆఖరికి తల్లుల భుజాల మీద నిద్రపోయే పసివాళ్ళను చూసినా కడుపుమంటే.

షాపులో గ్లాసు ఆట ఆమెదే. పాత స్ప్రింగు పరుపు ఒకటి, కొత్తరకం పరుపు ఒకటి పక్కపక్కన ఉంటాయి. రెంటికీ ఒకే రంగు గుడ్డ. స్ప్రింగు పరుపుకి ఒక చివర నీళ్ళ గ్లాసు పెట్టి, రెండో చివర మోకాళ్ళ మీద ఊగుతుంది. గ్లాసు బోల్తా పడుతుంది. కొత్తదాని మీద ఎంత ఊగినా చుక్క తొణకదు. "పక్కవాళ్ళు ఎంత కదిలినా మీ నిద్ర చెడదండీ" అని అప్పజెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ గ్లాసు భర్తలాగే కనబడేది. ఆ పరుపు ఒక్కటి ఇంటికొస్తే మళ్ళీ మంచమెక్కవచ్చని ఆశ. రోజూ పోరగా పోరగా, ఒక మధ్యాహ్నం రెండు ట్రిప్పుల మధ్య ఆయన చూడ్డానికి వచ్చాడు.

ఓనరు భోజనానికి వెళ్ళాడు. ఆమె ఫోనులో ఎవరికో కొలతలు చెప్పి వెనక్కి తిరిగేసరికి ఆయన పడుకుని ఉన్నాడు. తెలియక స్ప్రింగు పరుపు మీద! అప్పటికే నిద్రపోయాడు. పక్కన బల్ల మీద ఆట కోసం నింపిన నీళ్ళ గ్లాసు ఉంది.

లేపుదామని వెళ్ళింది. వెళ్ళి ఆగి, గ్లాసు తీసి ఆయన చేతి పక్కన పెట్టింది. రెండో చివర మోకాలు మోపి, మెల్లగా ఊగింది. గ్లాసు బోల్తా పడి ఆయన చొక్కా చెయ్యి తడిసింది. ఆయన కదల్లేదు. ఇంకాస్త ఊగింది. చాప మీద గడిపిన రాత్రులన్నీ గుర్తొచ్చి, ఒంట్లో బలమంతా పెట్టి ఊగింది. పరుపు కీచుమంది, ఆయన తల అటూ ఇటూ ఆడింది, గురక మాత్రం శ్రుతి తప్పలేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కంటి మీద కునుకు లేకపోవడమంటే ఇదన్నమాట.

కాసేపటికి ఫోను మోగితే ఆయనే లేచాడు. "అబ్బ! ఇదే తీసుకుందాం. నువ్వు ఊగి చూశావా? నాకసలు తెలియనే లేదు."

"ఊగానండీ. ఇది పాతరకం. మనింట్లో ఉన్నదానిలాంటిదే."

ఆయన తడిసిన చొక్కా చేతిని చూసుకున్నాడు. "అంటే... ఏదో అలసట మీద..."

"అలసట మీద చాప మీదైనా నిద్ర పడుతుంది లెండి. ఈ రాత్రి నుంచి ముందుగదిలో మీరు పడుకోండి. మంచం నాకు కావాలి."

"మరి కొత్త పరుపు?"

"అక్కర్లేదు. రేపు పొద్దున్నే నేను రక్తపరీక్షకి వెళ్తున్నాను. డబ్బాలు మీరు కట్టండి, వేడినీళ్ళ సంగతి అత్తయ్యకి మీరే చెప్పండి."

మర్నాడు ముందుగదిలో చాప మీద ఆయన పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. గదిలో మంచం మీద దుప్పటి తన్నులకు నలిగి, చుట్టుకుపోయి, సగం నేల మీదికి జారి ఉంది. ఆమె దాన్ని సర్దకుండానే చెప్పులు వేసుకుంది.